చీటీల కిటికీ దగ్గర కుర్చీ

ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆమెను ప్రెస్సక్క అంటారు. పదహారేళ్లుగా ఆవిరి ప్రెస్సు ముందు నిలబడి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఇప్పుడు మోకాళ్లు మొరాయించాయి. ఇలాగే నిలబడితే ఏడాది తిరక్కుండా మంచాన పడతావని డాక్టరు తేల్చి చెప్పాడు. కూర్చుని చేసే ఉద్యోగం అక్కడ ఒక్కటే ఖాళీ ఉంది, రోగులకు చీటీలిచ్చే కిటికీ దగ్గర. దానికి ఇంగ్లీషు పరీక్ష పెడతారు. ఒక బొమ్మ చూపిస్తారు, అందులో ఎవరేం చేస్తున్నారో చెప్పాలి.

నేర్పే పని ఆడపడుచు నెత్తిన వేసుకుంది.

"వదినా, 'షీ కుకింగ్' ఏంటి? మధ్యలో 'ఈజ్' మింగేశావా?"

"వంట చేస్తోందని తెలుస్తోందిగా. అది లేకపోతే కొంప మునుగుతుందా?"

"మునుగుతుంది. కుర్చీ ఇంకొకరికి పోతుంది."

మర్నాటి నుంచి పనిలో ప్రెస్సక్క నోరు మూతపడలేదు. నీళ్లు మరుగుతున్నాయి, బండి వస్తోంది, అన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. సూపర్‌వైజరు ఆవలిస్తుంటే, ఆవలింతకు మాట తెలియక "హీ ఈజ్ స్లీపింగ్" అనేసింది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. నెల తిరిగేసరికి "వాజ్", "విల్ బీ" కూడా పట్టుబడ్డాయి. వచ్చే నెల ఈపాటికి కూర్చుని పనిచేస్తూ ఉంటానని ఇంగ్లీషులో చెప్పి మురిసిపోయింది, పిచ్చితల్లి.

పరీక్షలో బస్టాపు బొమ్మ వచ్చింది. ముసలాయన పేపరు చదువుతున్నాడు, పాప ఏడుస్తోంది, కుక్క పరిగెడుతోంది. గడగడా చెప్పేసింది. ఒక్క "ఈజ్" కూడా జారిపోలేదు.

పరీక్ష పెట్టిన అధికారిణి కళ్లజోడు తీసింది. "బాగా నేర్చుకున్నావమ్మా. కానీ నిన్ను పంపేస్తే ప్రెస్సు ఎవరు చూస్తారు? ఇన్నేళ్లలో ఒక్క దుప్పటి మాడ్చలేదట. నీలాంటి చెయ్యి మాకు మళ్లీ దొరకదు."

"మోకాళ్లండీ..."

"తెలుసమ్మా. పైవాళ్ల మాట ఇది, నేనేం చేయను?"

ప్రెస్సక్కకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా లాండ్రీకి వచ్చి, దుప్పటి పరిచి, ప్రెస్సు మూత దించింది. మాడనీ, బొగ్గయిపోనీ, అప్పుడైనా నన్ను ఇక్కణ్ణుంచి కదుపుతారు అనుకుంది. పళ్లు బిగపట్టి నిలబడింది. సరిగ్గా తీయాల్సిన క్షణానికి చెయ్యి దానంతటదే మూత ఎత్తేసింది. ఎప్పటిలాగే దుప్పటి మల్లెపువ్వులా వచ్చింది. దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత, తడిసి ముడతలు పడిందని, మళ్లీ ఇస్త్రీ చేసింది.