చెవులున్నవాళ్ళు

తీగబ్రష్షుతో నాలుగో అంతస్తు మూల స్తంభానికి పట్టిన తుప్పు రుద్దుతూ సుత్తి మావయ్య మాటిమాటికీ మెట్లవైపు చూస్తున్నాడు. భార్య రాదని తెలుసు. తెల్లవారుజామునే ఆయాసం ఎక్కువై మంచాన కూలబడింది. అయినా చూపు అటే పోతోంది.

పై అంతస్తుల్లో బట్టలు కుట్టే ఆడవాళ్ళందరికీ అతడు మావయ్యే. నోరు తెరిచి నాలుగు మాటలాడని మనిషిని సుత్తి అని పిలవడం వాళ్ళకో సరదా. అసలు ఆ పేరు వచ్చింది అతడి పనిముట్టు వల్ల. మేడకంతా పోత ఇనుప స్తంభాలే. ఒకదాని నెత్తిన ఒకటి, నేలనుంచి కప్పుదాకా. ఈ ఇనుము వంగదు, చెప్పాపెట్టకుండా విరుగుతుంది. అందుకే వానలు వెనకబట్టాక ప్రతి స్తంభాన్నీ సుత్తితో కొట్టి చూడాలి. ఖంగుమంటే భయం లేదు. పగిలిన కుండలా పలికితే లోపల బీట ఉన్నట్టు. ఈ మూల స్తంభం మొదలు మెట్ల కింద అతడి గదిలోనే, మంచం పక్కన ఉంది. కింద గోటితో గీకినా పైన వినపడుతుందని భార్య నవ్వేది.

మేడ కట్టింది బట్టల మిల్లు కోసం. మరమగ్గాల మోతలో పక్కవాడి కేక కూడా వినపడేది కాదు, పెదాలు చూసి మాట పోల్చుకునేవాళ్ళు. మిల్లు మునిగింది. మేడ కొన్నాళ్ళు బస్తాల గోదాము అయింది, ఇప్పుడు కుట్టుపని. యజమాని మారినప్పుడల్లా స్తంభాలకి రంగు మారింది. అన్నిటికీ నిలిచింది అతడొక్కడే. మగ్గాలు పోతూ పోతూ అతడి చెవులు పట్టుకుపోయాయి.

అవి ఎంతగా పోయాయో భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. మిల్లు వాళ్ళకి కాస్త వినికిడి తక్కువేలే అనుకుంటారు. అతడు సుత్తి దెబ్బ వేసేటప్పుడు ఆమె పక్కనే ఊడుస్తూ ఉంటుంది. మోత బాగుంటే ఊడ్చుకుంటూ పోతుంది, తేడాగా ఉంటే చీపురు ఆపుతుంది. ఇద్దరి ఉద్యోగాలూ, ఆ గదీ ఆ చీపురు మీదే నడుస్తున్నాయి.

పొద్దున తాను వెళ్ళనని మొరాయించాడు.

"నువ్విక్కడ కూర్చుని ఏం పొడుస్తావయ్యా? మేస్త్రీకి అనుమానం వచ్చిందంటే వీధిన పడతాం. పో," అంది ఆమె, పెదాలు కనపడేలా, నెమ్మదిగా. అతడితో అంత ఓపిగ్గా మాట్లాడే మనిషి ఇంకెవరూ లేరు.

వచ్చాడు గానీ ఆమె లేకుండా సుత్తి ఎత్తే ధైర్యం చాలలేదు. మేస్త్రీ వచ్చి మొహం చిట్లించినప్పుడల్లా "ముందు తుప్పు వదలాలి బాబూ," అంటూ బ్రష్షు ఆడించాడు. సుత్తి సంచిలోనే ఉంది. మేస్త్రీ అన్నానికి వెళ్ళగానే ఆమెని ఆసుపత్రికి తీసుకుపోవాలని అతడి ఆలోచన.

మేస్త్రీ వెళ్ళాడు. కింది అంతస్తులో మిషను కుట్టే బొద్దుమనిషి మెట్ల దగ్గర టీ గ్లాసుతో అడ్డం వచ్చి నవ్వింది.

"ఏం మావయ్యా, మామీద పగబట్టావా? పొద్దున్నుంచీ ఒకటే కొట్టడం. తల దిమ్మెక్కిపోయింది. ఇందాకే కాస్త ఆపావు, బతికించావు."

పెదాలు సరిగ్గా చూడలేదేమో అనుకున్నాడు. "ఎక్కడ కొట్టాను?" అన్నాడు.

"ఎక్కడేంటి, ఈ మూల స్తంభాన్నేగా. మాతోనా పరాచికాలు?"

అతడు స్తంభానికి అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది, ఏ అదురూ లేదు. ఇంతసేపూ చేతికి తెలిసింది బ్రష్షు అదురే. గ్లాసు అందుకోకుండానే మెట్లు దిగాడు. అతడికి వినపడదని భార్యకి తెలుసు. చెవులున్నవాళ్ళు ఎవరైనా వస్తారని కొట్టింది. అన్ని అంతస్తుల్లోనూ విన్నారు. మావయ్య పని చేసుకుంటున్నాడనుకున్నారు.

ఆమె మంచం దిగి స్తంభాన్ని ఆనుకుని కూర్చుని ఉంది, గుమ్మంవైపు చూస్తూ. పిలిచాడు. పెదాలు కదల్లేదు. ఏడ్చాడు. ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో అతడికే తెలియలేదు. పైనుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగివచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

స్తంభం మొదట్లో గరిటె పడి ఉంది. దాని తల వంగిపోయింది, అంచుకి మిల్లు నాటి ఆకుపచ్చ రంగు పెచ్చులు అంటుకుని ఉన్నాయి.