మాటత్త అందించని మాట

పొద్దున పాలు పొంగేలోపు మాటత్త కనీసం ఇద్దరికైనా మాట అందించేది. ఊళ్ళో ఎవరికైనా చెప్పాల్సిన మాట నాలిక చివర ఆగిపోతే, ఆవిడ నాలిక చివర దురద పుట్టేది. గరిటె పక్కన పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ మాట గుసగుసగా అనేది. మూడు వీధుల అవతల, ఎవరి తలుపు కొట్టాడో మరిచిపోయి నిలబడ్డ గ్యాసు బండివాడి చెవిలో ఇంటాయన పేరు పడేది. కోర్టులో తీర్పు చదువుతూ తడబడ్డ జడ్జిగారికి సెక్షను నంబరు అందేది. మర్నాడు బజార్లో ఎదురైతే "నిన్న అందిందత్తా" అని వాళ్ళ దారిన వాళ్ళు పోయేవారు. పెళ్ళిరోజు మరిచిపోయిన మొగుళ్ళకి మాత్రం ఆవిడ అందించేది కాదు. "అనుభవించనీ" అనేది.

ఆవిడ అసలు పని నాటకాల హాల్లో. స్టేజీ పక్కన, తెర చాటున, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చిన్న స్టూలు మీద కూర్చుని, మాట మరిచిన నటులకి మాట అందించడం. ముప్పై నాలుగేళ్ళుగా అదే స్టూలు. ఆ పనికి ఒక్కటే నియమం: పుస్తకంలో ఉన్నదే చెప్పాలి, సొంత మాట ఒక్కటి కలపకూడదు. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. కోడలు కాపురానికొచ్చి ఎనిమిదేళ్ళయినా, కూర బాగుందని ఆవిడ ఒక్కనాడూ అనలేదు. మారు వడ్డించుకునేది, అంతే.

ఆవిడ తమ్ముడు డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాడు. ఊరికే కూర్చోలేక, ఆ ఊళ్ళో అక్షరాలు నేర్చిన ప్రతివాళ్ళూ చదివిన పిల్లల పుస్తకం ఒకటి తీసుకుని పాటల నాటకంగా రాశాడు. పుస్తకం పేరు 'కొండెక్కిన పడవ'. నీళ్ళే లేని చోట ఒక ముసలాయన కొండమీద పడవ కడతాడు. ఊరంతా నవ్వుతుంది. కూతురొక్కతే పక్కన నిలబడి మేకులు అందిస్తుంది. ముప్పై రెండు పేజీల కథ. మాస్టారు దాన్ని మూడున్నర గంటలు చేశాడు. ఇరవై రెండు పాటలు పెట్టాడు.

కూతురి వేషానికి అక్క కోడల్నే అడిగాడు. ఆ అమ్మాయి కళ్ళద్దాల షాపులో పని చేసేది. ఎప్పుడూ స్టేజీ ఎక్కలేదుగానీ, గిన్నెలు తోముతూ పాడితే పక్కింటివాళ్ళు టీవీ సౌండు తగ్గించేవారు.

"నేను చెయ్యగలనంటారా అత్తయ్యా?" అని అడిగింది.

"పుస్తకం తీసుకురా" అంది మాటత్త.

మూడు నెలలు, షాపు నుంచి రాగానే, ఒక్కో పాటా ఒక్కో మాటా నేర్పింది.

ఆదివారం పొద్దున మొదటి ఆటకి హాలు నిండిపోయింది. రెండో అంకంలో పడవ తెరల మధ్య ఇరుక్కుని ముందుకీ రాలేదు, వెనక్కీ పోలేదు. పాట నడుస్తుండగానే వడ్రంగి వచ్చి తెరచాప కొయ్య కోసేశాడు. పద్నాలుగో పాటకి పిల్లలు నిద్రపోయారు. పదహారో పాటకి పెద్దవాళ్ళు వాళ్ళని భుజానేసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు పేపర్లో రాశారు: "పడవతోపాటు నాటకమూ కొండెక్కింది." ఐదో ఆటకి నలభై మంది వచ్చారు. అదే ఆఖరిదని అప్పటికే అందరికీ తెలుసు.

ఇరవయ్యో పాట కోడలిది. పడవ అంచున కూర్చుని ఒక్కతే పాడాలి. "నీళ్ళు రాకపోతేనేం నాన్నా, పడవంటే ఏమిటో నాకు తెలిసిందిగా" అని మొదలవుతుంది. నాలుగు ఆటల్లోనూ బాగానే పాడింది. ఐదో ఆటలో, ఇంక పోయేదేం లేదనుకుందో ఏమో, మనసంతా విప్పి పాడింది. నిద్రపోతున్న పిల్లలు లేచి కూర్చున్నారు. మాటత్త చేతిలో పేజీ తిరగడం మానేసింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, టికెట్టు కొనుక్కుని వచ్చిన మనిషిలా వింటూ ఉండిపోయింది. ఈ పిల్ల నా కోడలు అనుకుంది.

రెండో చరణంలో కోడలు ఆగిపోయింది. మాట కోసం పక్కకి చూసింది. మాటత్త నాలిక దురద పెడుతూనే ఉంది. ఆవిడకి తెలియలేదు. హాల్లో ఎవరో దగ్గారు. తెర లాగేవాడు చూసి చూసి తెర దించేశాడు. నాటకం అక్కడితో సరి.

ఎవరూ ఆ అమ్మాయిని ఒక్క మాట అనలేదు. తనే అనుకుంది. "పోయే నాటకాన్ని నేనే ముంచాను" అని మొగుడి దగ్గర ఏడ్చింది. ఆ రోజునుంచీ వంటింట్లో గిన్నెల చప్పుడే తప్ప పాట లేదు. తప్పు నాదే తల్లీ అని చెప్పాలని మాటత్త ఎన్నోసార్లు గుమ్మందాకా వెళ్ళింది. సొంత మాట అలవాటు లేని నోరు పెగల్లేదు. తప్పొక్కటే అయితే చెప్పేసేదేమో. దాని వెనక కోడలి పాట మీద అంత గర్వం ఉంది, అదీ చెప్పాల్సి వచ్చేది.

ఆరు నెలల తర్వాత రేడియో స్టేషను నుంచి ఉత్తరం వచ్చింది. ఆఖరి ఆట చూసిన నలభై మందిలో అక్కడి ఉద్యోగిని ఒకావిడ ఉందట. పిల్లల కార్యక్రమానికి గొంతు కావాలి, బుధవారం పదకొండింటికి వచ్చి ఆ రోజు పాడిన పాటే పాడమని రాసింది.

"సగంలో ఆగిపోయినదాన్ని పిలుస్తారా ఎవరైనా?" అంది కోడలు.

"నాటకం పోతే నాది పోయింది. నీ గొంతేం పోలేదుగా, వెళ్ళిరా అమ్మా" అన్నాడు మాస్టారు.

బుధవారం మాటత్త కూరగాయలు తరుగుతోంది. పదకొండూ ఇరవైకి నాలిక భగ్గుమంది. అదే పాట, అదే చరణం, అదే మాట. 'తెడ్డు' అన్న రెండక్షరాల మాట. కత్తి కింద పెట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాట అందిద్దామనే నోరు తెరిచింది. వచ్చింది వేరు.

"అమ్మాయ్, ఆ రోజు నీకు మాట అందించనిది నేనే. పని మరిచిపోయి నీ పాట వింటూ ఉండిపోయాను. ముప్పై నాలుగేళ్ళలో అలా ఎవరి దగ్గరా ఉండిపోలేదు."

అనేశాక భయం వేసింది. అసలు మాట అందించేలోపే దురద తగ్గిపోయింది. అందించకుండా అలా తగ్గడం ఆవిడ ఎరగదు.

కోడలు ఒంటిగంట దాటాక వచ్చింది. చెప్పులు విడిచి, గ్లాసుడు మంచినీళ్ళు తాగింది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దుటినుంచీ అక్కగారి ముందుగదిలోనే కూర్చున్నాడు.

"ఏమైందమ్మా?"

"మళ్ళీ అక్కడే ఆగిపోయాను బాబాయిగారూ. మాట ఎంతకీ రాలేదు. తర్వాత ఎందుకో మాట అక్కర్లేదనిపించింది. ఆ చోట ఉత్త రాగం తీశాను. మిగతా పాట దానంతటదే వచ్చింది."

"వాళ్ళేమన్నారు?"

"ఎక్కడిదమ్మా ఈ పాట అని అడిగారు. మా నాటకంలోది, ఐదే ఐదు ఆటలు ఆడింది, చూసినవాళ్ళు నిద్రపోయారు, మా బాబాయిగారు రాశారు, మా అత్తయ్య నేర్పారు అని చెప్పాను. తలెత్తుకునే చెప్పాను. శనివారం నుంచి రమ్మన్నారు. ముందు మీ ఇరవై రెండు పాటలే వారానికొకటి పాడాలట."

మాస్టారు గోడవైపు తిరిగి కాలరు సర్దుకున్నాడు. సర్దుకోవడం ఎంతకీ అవలేదు.

కోడలు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"అత్తయ్యా, ఇంకోసారి చెప్పండి."

"ఏంటి?"

"ఇందాక చెప్పింది. ఎదురుగా వినాలి."

మాటత్త చెయ్యి నోటిదాకా వెళ్ళింది. దాన్ని దించుకుంది. దించుకుని చెప్పింది. గుసగుసే తప్ప ఎరగని గొంతు కదా, ఎంతలో ఆపాలో తెలియక అవసరానికి మించి గట్టిగా వచ్చింది. పక్కింటివాళ్ళు కూడా విన్నారు. విన్నారని తెలిసి, ఆవిడ మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది.