పిడుగు ఆగే చోటు

గుర్రం వెనక కాలిని ఒళ్ళో పెట్టుకుని, గిట్టలో ఇరుక్కున్న మట్టిని కొక్కెంతో గీకుతూ నిదానం సగం నిద్రలోనే ఉన్నాడు. శాలలోకి జొరబడిన పొగమంచు ఇంకా పోలేదు. ఎండుగడ్డి వాసన, గుర్రం ఒంటి వెచ్చదనం కలిసిన ఆ వేళలో అతనికి తన వయసు గుర్తుండేది కాదు. కుర్రతనంలోనూ ఇదే పని, మోకాళ్ళు మొరాయిస్తున్న ఇప్పుడూ ఇదే పని.

అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతమిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఏ గుర్రమెక్కినా దాని చెవిలో "నిదానం, నిదానం" అంటుంటాడు కాబట్టి అందరికీ నిదానమే అయిపోయాడు. అతను స్నానానికి లేవడం ఆలస్యమైనప్పుడల్లా, మా ఇంట్లో నిదానమే ప్రధానమని భార్య దెప్పుతూ ఉంటుంది.

పాతికేళ్ళకు పైగా పందేల మైదానంలో బతికాడు. తెల్లవారుజామున గుర్రాలను పరిగెత్తించి తయారుచేయడం అతని వంతు, సాయంత్రం వాటి మీద గెలిచి దండలు వేయించుకోవడం ఇంకొకరి వంతు. పందెం స్వారీకి మనిషి కాస్త పొడుగు, కాస్త బరువు, అంతే. దానికతను పెద్దగా ఏడ్చిందీ లేదు. ఒక్క కోరిక మాత్రం తీరకుండా ఉండిపోయింది. తనదని చెప్పుకోవడానికి ఒక గుర్రం కావాలి.

ఇప్పుడతను పనిచేసే స్వారీ బడికి పందేలు మానిన గుర్రాలు, వయసు మీరినవి వస్తుంటాయి. ఒక్కోదానికి ఒక్కో గురి పెడతాడు. పళ్ళరిగిన ముసలి గుర్రం పెద్దమ్మకు ఈ ఏటి గురి, ఆయాసపడకుండా దిబ్బ ఎక్కి దిగడం. దిగగానే అది తొట్టిని కాలితో తన్ని దాణా అడుగుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని నవ్వుకుంటూ నానబెట్టి పెడతాడు.

పిడుగుది వేరే కథ. పందేల్లో ఎప్పుడూ ఎడమకే తిరిగిన గుర్రమది. కుడివైపు కూడా లోకం ఉందని నేర్పేసరికి వానాకాలం గడిచిపోయింది. ఆ తర్వాత, మనిషి ఎక్కేదాకా కదలకుండా ఉండటం. పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలని రోజూ దాని మెడ నిమురుతూ చెప్పేవాడు. ఆఖరి గురి చూడటానికి చాలా చిన్నది. వీపు మీద మనిషి ఉండగానే ఒక వెనక కాలు సడలించి, మిగతా మూడింటి మీద బరువేసి కునుకు తీయాలి. ఎక్కడికీ పోనక్కర్లేదని నమ్మిన గుర్రమే అలా నిలబడుతుంది. పిడుగు ఇంతవరకూ అతని కింద ఒక్కసారీ అలా నిలబడలేదు.

ఈ నెలాఖరుకు ఎవరూ కొనకపోతే పిడుగును నువ్వే ఉంచుకో, మేత నాది అని యజమాని మాటిచ్చాడు. ఆనాటి నుంచి నిదానానికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఇవాళే నెలాఖరు. ఇవాళే ఎవరో పంతులమ్మ చూడటానికి వస్తానంది. పొద్దున భోజనం డబ్బా సర్దుతూ భార్య, ఆవిడ రాకూడదని మొక్కుకోనా అని అడిగింది. వద్దన్నాడు. వద్దనడానికి కాస్త ఆలస్యం చేశాడు.

మధ్యాహ్నం పంతులమ్మ రానే వచ్చింది. ఉద్యోగం విరమించిన మనిషి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న గుర్రం మీద తిప్పేవాడట, ఆయన పోయాక మళ్ళీ ఎక్కలేదట. కాలవ గట్టు వెంట మెల్లగా పోతే చాలు, ఇంకేమీ అక్కర్లేదంది. నిదానం అన్నీ చెప్పాడు. నీడలంటే భయమనీ, చెవులు ముట్టుకోనివ్వదనీ, క్యారెట్ అంటే ప్రాణమనీ చెప్పాడు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. పందెపు గుర్రానికి పగ్గాలు బిగిస్తే ఇంకా పరిగెడుతుంది. ఆపాలంటే వదలాలి. ఆ మాట నాలుక చివరిదాకా వస్తే మింగేశాడు.

ఆవిడను ఎక్కించుకుని ఇసుక వలయంలో పిడుగు ఒక చుట్టు బుద్ధిగా నడిచింది. రెండో చుట్టులో కంచె మీంచి పావురాలు లేచాయి. పిడుగు అడుగు పెంచింది, ఆవిడ పగ్గాలు లాగింది, అది ఇంకా పెంచింది. నిదానానికి అంతా నీటి అడుగున జరుగుతున్నట్టుంది. గిట్టల చప్పుడు వినిపించడం లేదు, ఇసుక మెల్లగా లేచి మెల్లగా పడుతోంది. ఇంకొక్క చుట్టు ఊరుకుంటే చాలు, ఆవిడ హడలిపోయి దిగిపోతుంది, పిడుగు తనకే ఉండిపోతుంది. అంతలో ఆవిడ మొహం కనిపించింది. అరవడం లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని పెదవులు బిగబట్టింది.

"పగ్గాలు వదిలేయండమ్మా," అన్నాడు. "వదిలితే ఆగుతుంది. నన్ను నమ్మండి."

నమ్మమన్నందుకు వెంటనే సిగ్గేసింది. ఆవిడ మాత్రం నమ్మింది. వేళ్ళు తెరుచుకున్నాయి, పగ్గాలు జారాయి, పిడుగు పరుగు నడకైంది, నడక వలయం మధ్యలో ఆగింది.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా?" ఊపిరి కుదురుకున్నాక అడిగింది.

"చెప్పొచ్చమ్మా. చెబితే దీన్ని తీసుకెళ్ళిపోతారని చెప్పలేదు. నాదే తప్పు."

ఆవిడ పిడుగు జూలు పాయపాయగా సవరించింది. "ఇప్పుడు నన్నేం చేయమంటారు?" అంది చివరికి.

అతను జవాబు చెప్పబోయి పిడుగును చూశాడు. కింది పెదవి వేలాడేసింది. కళ్ళు సగం మూసింది. ఎడమ వెనక కాలు మెల్లగా సడలి, గిట్ట కొన మాత్రమే ఇసుకను తాకుతోంది. ఇన్నాళ్ళుగా అతను పెట్టిన గురి, ఇంకొకరి కింద నెరవేరింది. సంతోషమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"తీసుకెళ్ళండి," అన్నాడు. "కాసేపు దిగకండమ్మా. కునుకు తీస్తోంది."

సాయంత్రం బండి వచ్చింది. పిడుగు వెనక్కి తిరక్కుండా ఎక్కి వెళ్ళిపోయింది. చీకటి పడేవేళకు భార్య వచ్చి, శాలలో పిడుగు గది ఖాళీగా ఉండటం చూసింది. ఇంటికి పోదాం రండి, అంది. నువ్వు నడుస్తూ ఉండు, ఇసుక చదును చేసి వస్తానన్నాడు.

దంతె లాగుతూ వలయమంతా తిరిగి, మధ్యకు వచ్చి ఆగిపోయాడు. చుట్టూ చదును చేసి ఆ కాస్త చోటూ వదిలేసి, దంతె గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. అక్కడ ఇసుకలో మూడు గిట్టల గుర్తులు లోతుగా, నాలుగోది కొన మాత్రం, చిటికెన వేలితో నొక్కినంత.