చంద్రవ్వ పాటలు ఆగిన రోజు

వనిత పప్పుకు తాలింపు పెడుతుంటే ముందుగదిలో పాట ఆగిపోయింది.

“పాట వస్తలేదు బిడ్డా,” అంది అత్త చంద్రవ్వ.

షుగర్‌తో ఆమె చూపు పోయింది. ఫోన్‌లో పాట కావాలంటే ప్రతిసారీ ఎవరినో బతిమాలుకోవాలి. అది చూడలేకే వనిత, పెళ్లికి ముందు హుజూరాబాద్‌లో చదివిన కంప్యూటర్ చదువును గుర్తు తెచ్చుకుని, పాత ల్యాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం రాసింది. చంద్రవ్వ ఏ మీట నొక్కినా తనకిష్టమైన పాటొకటి మోగేది. ఆ పాటలొచ్చే యాప్ కంపెనీ, బయటివాళ్ల ప్రోగ్రాంలు వాటిని తీసుకునే వీలు ఇవ్వలేదు. ముక్కూమొహం తెలియని ఎవరో ఆ యాప్ నడిచే తీరు కనిపెట్టి, వేరే ప్రోగ్రాంలలో కలుపుకునే కోడ్‌గా, అంటే లైబ్రరీగా రాసి, వాడుకొమ్మని అందరికీ ఊరికే వదిలేశారు. వనిత ప్రోగ్రాం దాని మీదే నడిచేది.

గని నుంచి వచ్చి అన్నానికి కూర్చున్న భర్త సదానందం, “కంపెనోళ్లు ఇయ్యనిది ఎన్నడన్న బందైతదని నేను చెప్పలేదా? ఇంట్ల ఖాళీగ ఉంటే గిసొంటియే తోస్తయి,” అన్నాడు.

ఖాళీగా. తెల్లారకముందే లేచి అతనికి టిఫిన్ కట్టి, అత్తకు ఇంజెక్షన్ ఇచ్చి, బట్టలు ఉతికి, బాసాన్లు తోమే మనిషిని పట్టుకుని అనే మాట అది. అందులో కోపమైనా ఉండదు. ఆదివారం సెలవు అన్నంత మామూలుగా అంటాడు.

సాయంత్రం వనిత ఆ లైబ్రరీ పేజీ తెరిచింది. అంతా ఫిర్యాదులే. దాన్ని చూసుకునే ఆవిడ, ఏ దేశంలో ఉందో, “పాపకు జ్వరం, ఇప్పుడే చూడలేను, క్షమించండి” అని రాసింది. వనిత మనసు కలుక్కుమంది. జీతం లేని పని చేస్తూ క్షమాపణ కూడా చెప్పుకునే ఆడమనిషి ఆమెకు కొత్త కాదు. కూర్చుని కోడ్ అంతా వెతికింది. యాప్ వాళ్లు పాటలు పంపే పద్ధతి మార్చారు. సరిచేస్తే పాట మోగింది. చంద్రవ్వ నవ్వింది. ఆ సవరణను వనిత లైబ్రరీ చూసుకునే ఆవిడకు పంపింది.

మర్నాడు పొద్దున జవాబు వచ్చింది: “పాప పక్కన కూర్చునే వీలు నాకిచ్చారు. మీ పని ఎంతో బాగుంది. ఇంకొన్ని తప్పులున్నాయి, చూస్తారా?”

మీ పని. వనిత అత్తకు దాన్ని రెండుసార్లు చదివి వినిపించింది. చంద్రవ్వ తడుముకుంటూ ఆమె తల నిమిరింది.

“చాయ్ ఏది?” అన్నాడు సదానందం.

“గిన్నె గాడనే ఉన్నది, పెట్టుకో కొడకా. పిల్ల పని మీదున్నది,” అంది చంద్రవ్వ.

అతను వంటింట్లోకి నడిచాడు. “చక్కెర యాడున్నది?”

అత్త చేతిని కళ్లకద్దుకుని, వనిత ల్యాప్‌టాప్ వైపు తిరిగింది.

“జర దేవులాడుండ్రి,” అంది, లేవకుండానే. “దొరుకుతది.”