ఇటుకల పండుగకు మూసుకున్న గేటు

నేను ఒక ఇనుప గేటుని. రెండు రెక్కలు, ఆకుపచ్చ రంగు, ఒంటినిండా పొగరు. సాలూరులో నన్ను తయారుచేసిన వెల్డింగు షాపువాడు, ఏనుగొచ్చి గుద్దినా ఇది కదలదని పొగిడాడు. ఏనుగు రాలేదు కానీ పొగడ్త మాత్రం నా తలకెక్కింది.

ఏజెన్సీలో ఒక కొండను కాఫీతోటకని ఒక కంపెనీ సర్కారు దగ్గర కౌలుకు తీసుకుంది. కొండ కిందనే ఊరు. ఊరివాళ్లు తాగే ఊట, విస్తళ్లకు అడ్డాకులు కోసుకునే అడవి తోటకు అవతల ఉన్నాయి. మధ్య దారిలో నన్ను నిలబెట్టి తాళం వేశారు. ఆడవాళ్లు బిందెలతో కొండ చుట్టూ తిరగాల్సి వచ్చింది. మేనేజరు భూపతిరాజు చెడ్డవాడేమీ కాదు. మేకలు లేతమొక్కల్ని తొక్కేస్తాయని ఆయన భయం. మేకలకు వేసిన శిక్షను మనుషులు అనుభవించారు. నాకేమో ఉద్యోగం దొరికిందని సంబరం.

చైత్రంలో ఊరివాళ్ల వేటపండుగ, ఇటుకల పండుగ వచ్చింది. మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు పాటలు పాడుతూ దారి కాసి వచ్చేపోయేవాళ్లను ఆపుతారు. అడిగింది ఇస్తేనే దారి. పండుగపూట వాళ్లను ఎవరూ కసరకూడదు. ఏటా వెదురుబొంగు అడ్డం కట్టేవాళ్లు. ఈసారి ఆ ఆడవాళ్లలో ఒకామె, పాంగి బుదరి, నన్ను ఎగాదిగా చూసి, ఇంత మంచి గేటుండగా బొంగెందుకు అంది. నా తాళం మీదుగా అడ్డాకుల తీగ బిగించి కట్టారు.

కంపెనీకి కౌలు పొడిగించాలో వద్దో తేల్చడానికి వచ్చిన సర్కారు ఆఫీసరుతో మేనేజరు జీపు నా ముందు ఆగింది. భూపతిరాజు అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు.

"డబ్బులొద్దు బావూ," అంది బుదరి. "మా దారి మాకిచ్చీండి. నేదంటే మానాగే కొండ సుట్టూ తిరిగెళ్లండి."

ఆఫీసరు నవ్వుతూ దిగి, అలాగే వెళ్దాం పదండన్నాడు. సగం దూరంలోనే ఆయన నవ్వు ఆగిపోయిందట. ఊట చేరేసరికి భూపతిరాజు కొత్త బూట్లు చేతిలోకి వచ్చాయట. ఆడవాళ్లు చెప్పుకుని నవ్వుకుంటుంటే విన్నాను.

గ్రామసభ నా ఎదుటే జరిగింది. తోట కంపెనీది. దారీ, ఊటా, అడ్డాకుల అడవీ ఊరివి. మేకల్ని ఊరివాళ్లే కాసుకోవాలి. అలా ఒప్పుకుంటేనే కౌలు అని ఆఫీసరు తేల్చాడు. నన్ను ఊడబీకారు. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు నా ఒక రెక్క కాఫీ నారుమడి దగ్గర మేకల్ని ఆపుతోంది. రెండోది ఊటదారిలో వాగు మీద పడుకుంది. నిండు బిందెతో బుదరి నా మీదుగానే నడుస్తుంది. షాపువాడు అబద్ధమాడలేదు, నేను కదలను. ఆపడం కన్నా మోయడమే నాకు హాయిగా ఉంది.

ఏటా ఇటుకల పండుగకు మాత్రం ఆ రెక్కను మోసుకొచ్చి పాత చోటే అడ్డం పెడతారు. భూపతిరాజు జీపు దిగి, వాళ్లేమీ అడక్కముందే బూట్లు విప్పేస్తాడు.