మజ్జిగలో మీగడ

మా అత్త సీతారావమ్మ ఉన్నట్టుండి మంచిదైపోయింది. పాతికేళ్ళకు పైగా ఆవిడ దగ్గర కాపరం చేసినదాన్ని, నాకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

చిన్నమ్మాయి పెళ్ళయి వెళ్ళాక నేను జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళి కథలు రాయడం నేర్చుకోవడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు. నందిగామలో కుటుంబరావు మాస్టారని రిటైరైన తెలుగు పండితుడు ప్రతి ఆదివారం తన ఇంటి వసారాలో కథారచన పాఠాలు చెప్పేవారు. వచ్చేవాళ్ళంతా కాలేజీ పిల్లలే. మొదటిరోజు నన్ను మాస్టారి భార్య అనుకుని మంచినీళ్ళు అడిగారు. వాదించే ఓపిక లేక నేనూ తెచ్చి ఇచ్చాను.

ఈ సంగతి తెలియగానే మా వీధి వీధంతా జాగ్రత్తపడింది. ఎండాకాలం ఎదురింటి కమలాకుమారి వాకిట్లో ఆడవాళ్ళంతా చేరి మిరపకాయలకు తొడిమలు తీస్తూ ఊరందరినీ ఉతికి ఆరేస్తుంటారు. నేను వెళ్ళి పీట వాల్చుకోగానే మాటలు ఆగిపోయేవి. ఎండ ఎక్కువగా ఉందనీ, పత్తికి ధర పడిపోయిందనీ చెప్పుకునేవాళ్ళు.

"మా తోడికోడలి గొడవ గానీ రాయట్లేదు కదా పుష్పా?" అని కమలాకుమారి ఒకరోజు నన్ను పక్కకు పిలిచి అడిగింది. వాళ్ళకు గొడవలున్నాయని నాకు అప్పుడే తెలిసింది.

మా ఆయన భవానీప్రసాద్ అయితే మొదట్లోనే తేల్చి చెప్పేశాడు. "రాసుకో, నేను కాదన్ను. మా అమ్మని మాత్రం కథలో పెట్టి బాధపెట్టావంటే, ఆ రోజుతో నీ నందిగామ బంద్." అన్నంత పనీ చేసే మనిషి ఆయన.

ఆ మాటకు నేను నిజంగా భయపడ్డాను. ఇంట్లో నేను అమ్మను, కోడల్ని, ఏమేవ్‌ని. ఆ వసారాలో మాత్రం "పుష్పవతిగారూ, మీరు రాసింది చదవండి" అనేవారు మాస్టారు. వారంలో ఒక్క పూట వినపడే ఆ పిలుపును పోగొట్టుకోవడం నా వల్ల కాదు.

సరిగ్గా అప్పుడే అత్తలో మార్పు మొదలైంది. అంతకుముందు ఆవిడ నోటికి సెలవనేది లేదు. నించుంటే దిష్టిబొమ్మలా నించున్నావేమనేది, కూర్చుంటే కూర్చోడానికి వేళాపాళా లేదా అనేది. అలాంటిది ఇప్పుడు, "అమ్మా పుష్పా, అలిసిపోయావు, కాసేపు నడుం వాల్చరాదూ?" అంటోంది. మా పాలేరు రత్తయ్యకు మజ్జిగలో మీగడ వేసి మరీ ఇచ్చింది. వాడు గ్లాసు పట్టుకుని గుటక వేయకుండా నా దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మగారికి ఒంట్లో బాగుండట్లేదాండీ?" అని గుసగుసగా అడిగాడు.

ఒంట్లో దివ్యంగా ఉంది. నా అనుమానమంతా ఆవిడ బుర్రలో ఏముందనే. కొడుకు ముందు మెత్తగా ఉండి, నేనొక్క మాట రాయగానే "చూశావట్రా" అని కళ్ళొత్తుకుంటే చాలు, నా క్లాసు కాస్తా పోతుంది. ఒకరోజు పెరట్లో దడి పక్కన కమలాకుమారితో ఏదో మంతనాలాడుతూ కనిపించింది. నన్ను చూడగానే ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. ఇంకేముంది, నాకు ఎసరు పెట్టేశారనుకున్నాను. ఆవిడ ప్రేమగా పిలిచినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంతలో మాస్టారు ఎవరింటి కథ వాళ్ళని రాయమన్నారు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ కథనైనా ముందు ఇంట్లో అందరికీ చదివి వినిపించాలి, ఆ తర్వాతే ఆయన దగ్గరికి తేవాలి. "ఇంట్లో వాళ్ళకు దాచి రాసిన దాంట్లో కోపం ఎక్కువ, మనుషులు తక్కువ ఉంటారమ్మా" అనేవారు.

నేనేం తక్కువ తిన్నానా? అసలు అత్తే లేకుండా కథ రాశాను. బతికుంటే కదా, ఆవిడను ఏదో అన్నానని అనేది! పోయి ఏడాదైందని రాసి, ఆ కథలోనే ఆవిడ ఫొటోకు దండ వేసి నడవలో గోడకు తగిలించాను. మిగతాదంతా మా ఇల్లే. ఇక ఎవరూ వేలెత్తి చూపలేరని మహా సంబరపడ్డాను.

శనివారం సాయంత్రం వాకిట్లో చదవడానికి కూర్చున్నాను. మా ఆయన పడక్కుర్చీలో కూర్చున్నాడు. అత్త తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి మంచం మీద నిటారుగా కూర్చుంది. ఈ ముస్తాబంతా ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆవిడ ముఖాన్ని ఓ కంట కనిపెడుతూనే కథంతా చదివాను.

"బాగానే ఉంది. ఎవర్నీ ఏమీ అన్లేదు" అన్నాడు మా ఆయన. నేను గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

"అయిపోయిందా?" అంది అత్త.

"అయిపోయింది అత్తయ్యా."

"మరి నేనెప్పుడొస్తా?"

నేను చేతిలో కాగితాలు వెనక్కి తిప్పాను.

"ఆ గోడ మీద ఫొటో నాదా?" అని ఆవిడే మళ్ళీ అడిగింది. "నా రోలుంది, నా రాగి చెంబుంది, మా పుట్టింటి వాళ్ళిచ్చిన గేదె కూడా ఉంది. నన్నొక్కదాన్నే చంపేశావా పుష్పా?"

"అది కాదు అత్తయ్యా..."

"రెండు నెల్ల బట్టీ నోరు కట్టుకు చస్తున్నానే! నలుగురూ చదివేదాంట్లో గయ్యాళిదాన్నని పడతానేమోనని. కథల్లో మంచత్తలు ఎట్టా మాట్టాడతారో కమలని అడిగి మరీ నేర్చుకున్నా. ఇంతా చేస్తే దండేశావు!" ఆవిడ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

మా ఆయన లేచి నించున్నాడు. "రేపట్నుంచి నందిగామ లేదు, ఏం లేదు" అన్నాడు. క్లాసు పోయినందుకు ఏడుపు వచ్చిన మాట నిజమే. అంతకంటే, ఆ తల దువ్వుకున్న మనిషిని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆవిడ నా కథలోకి రావాలని చూస్తుంటే, నేను ఆవిడను దొంగను చూసినట్టు చూశాను.

పొద్దున్నే తలెత్తకుండా కాఫీ తీసుకెళ్ళి ఇచ్చాను. ఒక గుక్క తాగి, గ్లాసు నేల మీద టంగుమని పెట్టింది.

"ఇది కాఫీయా, కుడితా?"

రెండు నెలల తర్వాత విన్న ఆ గొంతుకు నాకు గబుక్కున కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బస్సుకి టైమవుతుంటే దిష్టిబొమ్మలా ఆ నించోటం ఏంటే? చీర మార్చుకోవా?"

"దాన్నెక్కడికీ పంపట్లేదమ్మా" అన్నాడు మా ఆయన లోపలి నుంచి.

"ఆపటానికి నువ్వెవడివిరా? అది వెళ్ళకపోతే నేను అందులోకి ఎట్టా వస్తా?" అని కసిరి నావైపు తిరిగింది. "ఇదుగో, ఉన్నదున్నట్టే రాయి. తిట్టినట్టే రాయి, నేనేం అనుకోను. ముందు ఆ దండ తియ్యి."