అన్నంతవాణ్ణి కాదట

నేను ఒక బొమ్మల కథల పుస్తకాన్ని. అరవై నాలుగు పేజీలు, నిగనిగలాడే అట్ట, లోపలంతా రంగులు. ఇంతవరకూ బాగానే ఉంది. అట్ట మీద ‘తీగల వీరుడు’ అన్న పేరు కింద ‘రెండో భాగం’ అని ఉంది చూశారూ, నా బతుకు చెడింది అక్కడే.

మొదటి భాగం ఊసెత్తకుండా నా గురించి చెప్పుకునే యోగం నాకు లేదు. అందులో కోటిలింగమనే లైన్‌మన్ మీద పిడుగు పడుతుంది. చావడు సరికదా, కరెంటును వట్టి చేతులతో పట్టుకునే శక్తి వస్తుంది. తుఫానులో తెగిన తీగ రెండు కొసలనూ చెరో చేత్తో పట్టుకుని ఒక ఆసుపత్రిని కాపాడతాడు. దాంతో శక్తంతా కరిగిపోయి, మామూలు మనిషిగా సైకిలు నడిపించుకుంటూ ఇంటికి పోతాడు. ఆ ఆఖరి బొమ్మ దగ్గర కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరట. ఎనిమిదిసార్లు అచ్చయింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారే, నా దగ్గరికొచ్చేసరికి ఆ సామెత కూడా తిరగబడింది.

నన్ను గీసిన దొంతంశెట్టి రామకేశవ్ తొమ్మిదేళ్ళు నన్ను పుట్టించనన్నాడు. చివరికి ఒప్పుకున్నాక మాత్రం ఆరు నెలలు నిజం లైన్‌మన్ల వెంట స్తంభం స్తంభానికీ తిరిగాడు. శక్తి పోయిన మనిషి అదే పని మళ్ళీ ఎలా చేస్తాడన్నదే నా కథ. యాభై పేజీలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని గీశాడు. అవి చూసిన ప్రచురణకర్త మొహం వేలాడేసి, “శక్తి లేని వీరుణ్ణి ఎవరు కొంటారండీ?” అన్నాడు. ఇంకేముంది, యాభై రెండో పేజీలో కోటిలింగం మీద మళ్ళీ పిడుగు పడింది. అక్కణ్ణుంచి నేను కంగాళీ. ఒక బొమ్మలో ఎడమచేతి తొడుగు కుడిచేతికి ఉంటుంది. నా తప్పు నాకు తెలియదనుకోకండి.

బజార్లోకి వచ్చిన రోజు నుంచీ ఒకటే పాట, అన్నంతవాడు కాదు. చదివినవాళ్ళు అన్నారు, చదవనివాళ్ళు ఇంకా గట్టిగా అన్నారు. విజయవాడలో నన్ను కొన్న లెక్చరరు పదకొండు పేజీలు తిప్పి, నా మీద కాఫీ గ్లాసు పెట్టుకున్నాడు. నాలుగు నెలలు ఆ ఉద్యోగం చేశాక పాత పుస్తకాల బండెక్కి ఏలూరు చేరాను. అక్కడ నన్ను శీలం ఏస్తేరు కొంది.

ఏస్తేరు జూనియర్ లైన్‌మన్. ఆడపిల్ల స్తంభమెక్కుతుంటే వీధివీధంతా నిలబడి చూస్తుంది. ఆమెకు పై లైన్‌మన్ సత్తిరాజుగారికి ముప్పై ఏళ్ళ అనుభవం. ఆయన మొదటి భాగానికి భక్తుడు. కోటిలింగం కథ తన కథేనని నమ్మి, ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో దాచుకున్నాడు. ఏస్తేరు సంచీలో నన్ను చూసి, రెండోదంతా దండగని తేల్చేశాడు. చదివారా అని ఆమె అడిగితే, చదవక్కర్లేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది, కానీ కాగితానికి మంట మంచిది కాదని ఊరుకున్నాను.

శ్రావణమాసంలో ఒక ఉదయం గాలివాన వెలిసింది. కల్యాణమండపం పక్క సందులో తీగ తెగి వేలాడుతోందని కబురొచ్చింది. ఇద్దరూ వెళ్ళారు. లైను ఆపించారు. మండపంలో పెళ్ళి, బయట జనం ఎప్పుడొస్తుంది కరెంటని అరుస్తున్నారు. సత్తిరాజుగారు నిచ్చెన ఆనించి కాలు పెట్టేశాడు. స్కూటరుకు తగిలించిన సంచీలోంచి సగం బయటికొచ్చి నేను చూస్తూనే ఉన్నాను.

ఏస్తేరు నిచ్చెన పట్టుకుని కదలనివ్వలేదు. తీగలకు ముందు ఎర్త్ రాడ్ తగిలించాలంది. అంటే తీగల్లో ఏ మూలనైనా కరెంటు మిగిలి ఉంటే నేలలోకి దిగిపోయేలా గొలుసు కట్టడం.

“లైను ఆపించాం గదమ్మా. రెండు నిమిషాల పని,” అన్నాడాయన. “కోటిలింగం పెట్టాడేంటి ఇయ్యన్నీ?”

“మొదటిదాంట్లో పెట్టలేదండి బాబాయ్ గారూ. రెండోదాంట్లో పెట్టాడు, ముప్పై ఒకటో పేజీలో. మీరది చదవలేదు.”

ఆయనకు కోపమొచ్చింది. అంతమందిలో చిన్నపిల్ల మాట పడడం చిన్నతనమనిపించింది. ఆమె మాత్రం నిచ్చెన వదల్లేదు. విసుక్కుంటూనే దిగాడు. ఏస్తేరు గొలుసు నేలకు బిగించి, పొడుగాటి కర్రతో కొక్కేన్ని తీగకు తగిలించింది.

టపీమని మెరిసింది. మండపం వెనక జనరేటరు గొణిగి ఆగిపోయింది. పెళ్ళివారు దాన్ని అడ్డదిడ్డంగా కలిపితే, ఆపించిన తీగలోకి అటునుంచి కరెంటు వస్తోంది. సత్తిరాజుగారు అరుగు మీద కూలబడి తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఏస్తేరు నీళ్ళసీసా మూత తీసి అందించింది.

ఆ మధ్యాహ్నం సెక్షనాఫీసు మెట్ల మీద కూర్చుని ఆయన నన్ను చదివాడు. అట్ట నుంచి అట్ట దాకా, ఒక్క పేజీ దాటెయ్యకుండా. ముప్పై ఒకటి దగ్గర చాలాసేపు ఆగాడు. అందులో మాటల్లేవు. శక్తి లేని కోటిలింగం స్తంభం కింద గొలుసు బిగించి, పైకి చూస్తూ ఆగుతాడు, అంతే. నా గుండె, అదేలెండి నా కుట్టు, బిగుసుకుంది. ఇప్పుడైనా బాగుందంటాడనుకున్నాను.

నన్ను మూసి ఏస్తేరుతో, “మొదటిదానంత లేదమ్మా,” అన్నాడు. “ఆ రెండో పిడుగు మరీ అన్యాయం.”

ఏం మనుషులండీ! ప్రాణం దక్కినా అభిప్రాయం మారదు. చిత్రమేమిటంటే, పిడుగు విషయంలో ఆయన మాట నిజం.

తర్వాత ఆయన ఏస్తేరును అడిగి, బ్లేడు తెచ్చి, నా ముప్పై ఒకటో పేజీని కుట్టు దగ్గర జాగ్రత్తగా కోశాడు. వెనకనున్న ముప్పై రెండూ దాంతోపాటే పోయింది. ఇప్పుడు సెక్షనాఫీసులో ఏస్తేరు అలమరలో ఒక కాగితం తక్కువై పడున్నాను. ఎదురుగా గోడ మీద, డ్యూటీ చార్టు పక్కన ఆ పేజీ అంటించి ఉంది. కొత్తగా చేరినవాళ్ళు తొడుగులు వేసుకుంటూ దాని ముందు ఒక నిమిషం నిలబడతారు. అది ఏ భాగంలోదని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.